పంక్తిలో చోటు, పీఠం మీద చోటు

రఘుపతి వెంకటరత్నం నాయుడు పేరు వినగానే మనవాళ్లకు కాకినాడ గుర్తుకు వస్తుంది. పిఠాపురం రాజా కళాశాల, తెల్లని దుస్తులు, బ్రహ్మసమాజ ప్రార్థన, అనాథ శరణాలయం. ఈ వరుసలోనే ఆయన జీవితం పాఠ్యపుస్తకాల్లోకీ జయంతి సభల్లోకీ చేరింది. నేను మాత్రం ఆయనను బందరు నుంచి మొదలుపెట్టి చదవాలంటాను. కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు చదువు ఎవరికి తలుపు తీసి ఎవరికి గడియ పెట్టిందో బందరు చెప్పినంత స్పష్టంగా మరో ఊరు చెప్పదు. విద్యార్థులు ప్రమాణం చేసి ఒక సంఘంగా కూడడం, కులం గీత దాటి ఒకే కప్పు కింద ఉండడం, ఆ సంఘానికి ఎవరో ఒకరు పెద్దగా కూర్చోవడం అనే వ్యవహారంలో ఆయన చేయి పడింది కూడా మొదట అక్కడే. ఇవాళ మన కళాశాలల్లో విద్యార్థి నాయకత్వం ఏ కులాల చేతుల్లో ఉందని అడిగేవారికి ఆయన జీవితం సగం జవాబు ఇస్తుంది. తక్కిన సగం ఎందుకు ఇవ్వలేకపోయిందో ఆలోచించడానికే ఈ వ్యాసం.

1843లో రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ బందరులో ఒక బడి తెరిచాడు. కాలక్రమాన అదే నోబుల్ కళాశాల అయింది. దేవుని ముందు మనుషులంతా ఒకటేనని బోధించడానికి సముద్రాలు దాటి వచ్చిన ఆ మనిషి తన బడిలోకి మాల మాదిగ పిల్లలను రానివ్వలేదు. ముందు పై కులాల పిల్లల మనసు గెలుచుకుంటే తక్కిన సమాజం వారి వెంట నడుస్తుందన్నది ఆయన లెక్క. 1852లో ఆ బడి విద్యార్థులిద్దరు బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఒక్కసారిగా బడి ఖాళీ అయింది. పై కులాలను మెల్లగా దారికి తెచ్చుకోవచ్చన్న ఆశకు అది పెద్ద దెబ్బ. అయినా చదువు కూడా కాలువ నీళ్లలా ఎగువ నుంచి దిగువకు తనంత తానే పారుతుందన్న నమ్మకం చెదరలేదు. బెజవాడ ఆనకట్ట కట్టిన దశాబ్దం కూడా అదే. శివారు భూములకు నీరు ఎప్పుడు అందుతుందో, ఎన్ని ఏళ్లు అందకుండా పోతుందో డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నోబుల్ చనిపోవడానికి మూడేళ్ల ముందు, 1862 అక్టోబరు 1న, ఆ ఊళ్లోనే వెంకటరత్నం పుట్టారు. తెలగ కుటుంబం. తండ్రి అప్పయ్య నాయుడు సైన్యంలో సుబేదారు. వర్ణాల లెక్కలో శూద్రులు. ఊరి లెక్కలో వెలివాడ బాధ తెలియనివారు, అయితే వేదానికీ కచేరీ కుర్చీకీ కూడా దూరంగా నిలిచినవారు. ఈ మధ్యస్థ స్థానాన్ని మనసులో ఉంచుకుంటే తప్ప ఆయన చేసిన పనులూ ఆగిన చోట్లూ అర్థం కావు. తండ్రి కొలువు వెంట కుటుంబం ఊళ్లు తిరిగింది. బాలుడి చదువు హైదరాబాదులో నిజాం స్కూల్లో సాగింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో విలియం మిల్లర్ శిష్యరికం, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ., బ్రహ్మసమాజ దీక్ష. విగ్రహం లేని ఆ మతం ఆయనకు కులం లేని మనిషిని ఊహించే వీలిచ్చింది. ముప్పై నిండకముందే భార్య పోయారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తెల్లని బట్టలు తప్ప తొడగలేదు. శ్వేతాంబర ఋషి అన్న పేరు అందుకే వచ్చింది. ఒక కులం మనిషి పెద్దవాడైతే మన సమాజం అతడిని వెంటనే ఋషినో బ్రహ్మర్షినో చేసి కులం నుంచి వేరు చేసుకుంటుంది. ఈ విద్య మనకు పాతదే.

ఎం.ఏ. పట్టాతో ఆయన బందరుకు తిరిగి వచ్చి నోబుల్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. అప్పటికి బెజవాడలో డిగ్రీ కళాశాల లేదు. ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. కళాశాల వచ్చింది 1937లో. డెల్టా కుర్రవాళ్లలో పై చదువు ఆశించినవారిలో చాలామందికి బందరే దారి. 1891లో ఆ ఊళ్లో ఆయన సోషల్ ప్యూరిటీ అసోసియేషన్ అనే సాంఘిక శుద్ధి సంఘాన్ని స్థాపించారు. మద్యం ముట్టకూడదు, సానిమేళాలు పెట్టించకూడదు, పెట్టించిన ఇళ్లకు వెళ్లకూడదు, స్త్రీ పురుషులిద్దరికీ శీలం ఒకటే కావాలి. ఇవి దాని నియమాలు. జమీందారు ఇంట పెళ్లికీ కలెక్టరు విందుకూ మేజువాణీ తప్పని రోజుల్లో ఇరవై ఏళ్లు నిండని విద్యార్థులు దానికి పోమని మొండికేయడం చిన్న సంగతి కాదు. ఇళ్లలో తండ్రులతో, మామలతో పేచీ పడవలసిన వ్యవహారం అది. అందుకు ఒంటరి ధైర్యం చాలదు. పక్కన నిలిచే జట్టు కావాలి. ఆ జట్టును కూర్చిపెట్టినవాడు ఆయన.

ఆయన దగ్గర చదివినవారిలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఉన్నారు. ఒకరు కాంగ్రెసు అధ్యక్ష పదవి దాకా వెళ్లారు. మరొకరు కృష్ణాపత్రికను నాలుగు దశాబ్దాలు నడిపారు. వీరిద్దరూ కోపల్లె హనుమంతరావుతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. ముగ్గురూ బ్రాహ్మణులు. ఈ మాట నేను నిందగా అనడం లేదు. హనుమంతరావు ఆ కళాశాల కోసం జీవితాన్నే ధారపోశాడు. కానీ ఒక లెక్క చూడండి. మద్రాసు రాజధానిలో బ్రాహ్మణులు జనాభాలో మూడు శాతం చిల్లర. విశ్వవిద్యాలయం నుంచి బయటికి వచ్చే పట్టభద్రుల్లో మూడింట రెండు వంతుల వరకు వారే. గురుపీఠం మీద ఒక తెలగ కులస్థుడు కూర్చున్నా, ఆయన ముందు బెంచీల మీద కూర్చోగలిగినవారి నుంచే రేపటి నాయకులు రావాలి. కనుక డెల్టాలో జాతీయోద్యమ నాయకత్వం ఎలా ఉండబోతుందో ఉద్యమం పుట్టకముందే తరగతి గది హాజరుపట్టీలో రాసిపెట్టి ఉంది.

శుద్ధి ఉద్యమం గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. సానిమేళాల మీద పోరాటం ఒక చెడ్డ ఆచారం మీద పోరాటంగానే చరిత్రలో నిలిచింది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఆ మేళాల వెనుక కలావంతులనే ఒక కులం ఉంది. ఆ కుల స్త్రీలకు సంగీతం, నాట్యం, అక్షరం తెలుసు. మామూలు ఇంటి ఆడవారికి లేని ఆస్తి హక్కు కూడా కొంత ఉండేది. వారిని ఉద్ధరించే సంఘంలో సభ్యులు మగ విద్యార్థులు, నాయకులు మగ పెద్దలు. ఎవరి బతుకు మీద తీర్మానం చేస్తున్నారో వారికి ఆ సభలో కుర్చీ లేదు. తరువాతి తరంలో ఆ నేపథ్యం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం, తమిళనాట ముత్తులక్ష్మి రెడ్డి ముందుకు వచ్చాకనే ఆ స్త్రీలకు ఆశ్రయం, చదువు, చట్టం అనే ఆలోచన గట్టిపడింది. వెంకటరత్నం ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. దేవదాసీల బిడ్డలను చేరదీసి చదివించినవారిలో ఆయనా ఒకరు. నేను అడుగుతున్నది సంఘ నిర్మాణం గురించి.

బందరు తర్వాత సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో కొన్నేళ్లు ప్రిన్సిపాలుగా ఉన్నారు. అక్కడి నుంచి 1904-05లో కాకినాడ. పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా 1919 దాకా ఆయన నడిపిన ఆ పదిహేనేళ్లే ఆయన కీర్తికి మూలం. ఒక శూద్ర కులస్థుడు ప్రిన్సిపాలు గదిలో కూర్చోవడమే ఆనాటికి వార్త. జస్టిస్ పార్టీ పుట్టింది 1916లో, ఉద్యోగాల్లో కులాలవారీ వాటాల ఉత్తర్వు వచ్చింది 1921లో. కనుక ఆయన కుర్చీని ఎవరో రాజకీయంగా వేసిపెట్టారనడానికి వీల్లేదు. తన కుర్చీతో ఆయన ఏం చేశారన్నది అంతకన్నా ముఖ్యం. మగపిల్లల కళాశాలలోకి ఆడపిల్లలను చేర్చుకున్నారు. దళిత విద్యార్థులను చేర్చుకున్నారు. చేర్చుకుని ఊరుకోలేదు. ఊళ్లో అద్దె గది దొరకని పిల్లవాడికి తరగతిలో బెంచీ ఇచ్చినా చదువు ఇచ్చినట్టు కాదని ఆయనకు తెలుసు. పిఠాపురం మహారాజా సూర్యారావు ఆయన శిష్యుడు, ఆయన మాట జవదాటనివాడు. ఆ మహారాజా అండతో కాకినాడలో దళిత విద్యార్థులకు రామమోహన్ రాయ్ పేర వసతి గృహం, అనాథలకు శరణాలయం వెలిశాయి.

వసతి గృహం అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. ఇప్పటి విద్యార్థికి హాస్టల్ అంటే మెస్ బిల్లు, మంచం, వైఫై. వంద సంవత్సరాల క్రితం అది కులానికి పునాది. తెలుగునాట ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బ్రాహ్మణ, వైశ్య, రెడ్డి, కమ్మ కులాలు తమ పిల్లల కోసం పట్టణాల్లో సత్రాలు, హాస్టళ్లు కట్టుకున్నాయి. 1918లో హైదరాబాదులో మొదలైన రెడ్డి హాస్టల్ అందరికీ తెలిసిన ఉదాహరణ. సురవరం ప్రతాపరెడ్డి అక్కడ నిర్వాహకుడిగా పనిచేశాడు. ఒకే పంక్తిలో తిన్న కుర్రవాళ్లు తర్వాత ఒకరికొకరు వకీళ్లయ్యారు, కాంట్రాక్టర్లయ్యారు, వియ్యంకులయ్యారు, ఎమ్మెల్యే అభ్యర్థులయ్యారు. చందా ఇచ్చిన భూస్వామి, కమిటీలో కూర్చున్న ప్లీడరు, గదిలో చదువుకునే రైతుబిడ్డ ముగ్గురూ ఒకే తాడుతో కట్టుబడ్డారు. ఎన్నికలు రాకముందే అది ఎన్నికల యంత్రం. దళితులకు అలాంటి తాడు లేదు. చందా ఇవ్వగల భూస్వామి లేడు. కాకినాడ హాస్టల్ వారికి కప్పు ఇచ్చింది, అన్నం ఇచ్చింది, పుస్తకం ఇచ్చింది. కమిటీ మాత్రం ఇతరులది. దాత రాజు, పెద్ద ప్రిన్సిపాలు, లబ్ధిదారు దళితుడు.

సహపంక్తి భోజనం ఆనాటికి విప్లవమే. ఆయన ప్రభావంలో బ్రహ్మసమాజంలో చేరిన విద్యార్థుల్లో గుడిపాటి వెంకటచలం ఒకడు, దేవులపల్లి కృష్ణశాస్త్రి మరొకడు. ఇద్దరూ కులభ్రష్టులన్న నింద మోశారు. చలం ఆ తర్వాత చాలాకాలం బెజవాడలోనే కాపురం ఉన్నాడు. పంక్తి దాటినందుకు బ్రాహ్మణ యువకుడు పోగొట్టుకున్నది ఎక్కువ, నిజమే. ఆ పోగొట్టుకోవడం సాహిత్య చరిత్రకు ఎక్కింది కూడా. అదే పంక్తిలో అవతలి విస్తరి ముందు కూర్చున్న దళిత విద్యార్థి పేరు మన సాహిత్య చరిత్రలకు అక్కరలేకపోయింది.

విద్యార్థుల సోదర సంఘాలు కులాన్నో జాతినో బట్టి ఎలా గట్టిపడతాయో చూడడానికి మన దేశం దాటి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. వెంకటరత్నం కాకినాడకు వచ్చిన కొత్తలోనే, 1906లో, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా అనే సంఘాన్ని పెట్టుకున్నారు. అక్కడి కళాశాలల్లో గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే ఫ్రటర్నిటీల్లో తెల్లవారికే ప్రవేశం. సీటు వచ్చినా సావాసం లేదు. సావాసం లేకపోతే చదువు పూర్తయ్యాక ఉద్యోగానికి సిఫారసు చేసే అన్నలు లేరు. అందుకని తామే ఒక సంఘం కట్టుకుని దానికి తామే అధ్యక్షులయ్యారు. మార్టిన్ లూథర్ కింగ్ ఆ సంఘ సభ్యుడే. నలభై ఏళ్ల తర్వాత కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 1948లో ఆమ్హర్స్ట్ కళాశాలలో ఒక తెల్ల ఫ్రటర్నిటీ శాఖ నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంటే జాతీయ సంఘం ఆ శాఖనే బహిష్కరించింది. డెల్టా నుంచి ఏటా అమెరికా వెళ్లే మన పిల్లలు ఈ చరిత్ర చదవడం మంచిది. అక్కడ తమ రంగు లెక్కకు వచ్చినప్పుడు కలిగే బాధకూ, అక్కడ కూడా తాము పెట్టుకునే కుల సంఘాలకూ మధ్య ఉన్న దూరాన్ని కొలుచుకోవడానికి పనికివస్తుంది.

మన దగ్గర అలాంటి మలుపు 1917 నవంబరులో బెజవాడలో జరిగింది. గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తల పూనికతో తొలి రాష్ట్ర పంచమ మహాసభ ఏర్పాటయింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. 1888లో మాల కుటుంబంలో పుట్టి, 1911లో మన్యసంఘం స్థాపించి, అప్పటికే బడులు నడుపుతున్న ఇరవై తొమ్మిదేళ్ల యువకుడు. సభకు వచ్చిన దళితులు కొండెక్కుతారేమోనని కనకదుర్గ గుడికి మూడు రోజులు తాళం వేశారు. బెజవాడలో పుట్టిపెరిగిన ప్రతి విద్యార్థికీ ఈ సంగతి తెలియాలి. కుర్చీలో కూర్చున్న అధ్యక్షుడు మొదట చేసిన పని సభ పేరును ప్రశ్నించడం. పంచములన్న మాట శాస్త్రాల్లో లేదని, తాము ఈ నేలకు మొదటి వారసులమని వాదించాడు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర అన్న పేరును రికార్డుల్లోకి ఎక్కించింది. నిర్వాహకులు ఎంత మంచివారైనా, అధ్యక్షస్థానంలో ఆ కులం మనిషి లేకపోతే ఆ సభ పంచమ సభగానే ముగిసి ఉండేది. తీర్మానాలు బహుశా ఇవే ఉండేవి. బడులు, బావులు, భూములు. పేరు మాత్రం మారేది కాదు.

కాకినాడనూ బెజవాడనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇదే. వెంకటరత్నం మనిషిని లోపలికి తీసుకువచ్చారు. భాగ్యరెడ్డి వర్మ లోపలికి వచ్చిన మనిషి అధ్యక్షుడైతే ఏం జరుగుతుందో చూపించారు. మొదటి పని లేకుండా రెండవది జరగడం కష్టం. భాగ్యరెడ్డి వర్మకు కూడా సంస్కర్తలైన పై కులాల మిత్రులు ఉన్నారు. అయితే మొదటిదాన్ని ఎన్ని దశాబ్దాలు చేసినా అది తనంత తాను రెండవదిగా మారదు. మన జయంతి ఉపన్యాసకులు ఈ తేడాను గమనించరు. దయ కథలు చెప్పడం తేలిక, వింటున్నవారికీ హాయి.

1924లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆయన ఆ పదవిలోకి వచ్చేనాటికి మద్రాసులో పానగల్లు రాజా మంత్రివర్గం. బ్రాహ్మణేతర రాజకీయం అధికారంలో ఉన్న కాలం. బందరు సుబేదారు కొడుకు దక్షిణాదిలోకెల్లా పెద్ద విద్యాపీఠం మీద కూర్చోవడాన్ని తక్కువ చేసి చూసేవాడిని కాను. కులం మెట్లలో మధ్యనున్నవాడు పై మెట్టు ఎక్కితే, కింద ఉన్నవాడికి కూడా మెట్లు ఉన్నాయన్న సంగతి కనిపిస్తుంది. కానీ ఆ బ్రాహ్మణేతర రాజకీయం డెల్టాలో నడిచిన తీరు మనకు తెలుసు. బ్రాహ్మణుల చేతుల్లోని పీఠాలు భూమి ఉన్న శూద్ర కులాల చేతుల్లోకి వచ్చాయి. జిల్లా బోర్డులు, సహకార సంఘాలు, తర్వాత చక్కెర మిల్లులు, సినిమా హాళ్లు, ఆ తర్వాత ప్రైవేటు కళాశాలలు. అక్కడితో ఆ ప్రయాణం మందగించింది. కాలువ నీరు ఎగువ తూముల దగ్గరే మళ్లిపోయింది.

దాని ఫలితాన్ని మా తరం కళాశాలలో చూసింది. 1980ల మధ్యలో నేను విజయవాడలో ఒక సాంఘిక సంక్షేమ వసతి గృహంలో ఉండి డిగ్రీ చదివాను. నగరంలో విద్యార్థి రాజకీయం రెండు ముఠాలుగా, రెండు బలమైన కులాల పేర్లతో చీలి ఉన్న రోజులవి. కళాశాల పేరు ఇక్కడ అవసరం లేదు. సంఘం ఎన్నికలు వస్తే రెండు ప్యానెళ్లు నిలబడేవి. ఎవరు గెలిచినా అధ్యక్షుడి ఇంటిపేరుకు వెనుక ఎకరాలుండేవి. మా హాస్టల్లో నూటికి పైగా ఓట్లుండేవి కనుక పోలింగుకు ముందు రాత్రి రెండు పక్షాలవారూ జీపుల్లో వచ్చేవారు. ఇద్దరూ మాకు ఇవ్వజూపింది సంయుక్త కార్యదర్శి పదవి. ఒక ఏడు మావాడొకడు గెలిచాడు. ప్రమాణ స్వీకార సభలో వేదిక మీద కుర్చీలు సరిపోలేదని అతడు మెట్ల పక్కన నిలబడే దండ వేయించుకున్నాడు. ఎవరూ అతడిని అవమానించాలని అనుకోలేదు. కుర్చీలు లెక్కపెట్టినవాడికి అతడు లెక్కలోకి రాలేదు, అంతే. ఊరేగింపులో బ్యానరు పట్టుకున్నది మేమే. తర్వాత ముఠాల కొట్లాటల్లో తలలు పగిలినవారిలో, కేసుల్లో ఇరుక్కుని చదువు మానినవారిలో మావాళ్లు తక్కువేమీ కాదు.

ఆ తర్వాత రాష్ట్రంలో కళాశాల సంఘాల ఎన్నికలే ఆగిపోయాయి. హింస తగ్గిందని తల్లిదండ్రులు సంతోషించారు. ఎన్నికలు పోయాక నాయకత్వం పోలేదు, నియామకంగా మారింది. పార్టీల విద్యార్థి విభాగాల రాష్ట్ర అధ్యక్షుల, కార్యదర్శుల జాబితాను ఎర్రజెండా నుంచి కాషాయ జెండా వరకు వరసగా తీసి ఇంటిపేర్లు చూడమని విద్యార్థి మిత్రులను కోరుతున్నాను. జిల్లా కమిటీలో ఎవరున్నారు, పోస్టరు అంటించేది ఎవరు, టీవీ చర్చకు వెళ్లేది ఎవరు అన్నది కూడా రాసుకోండి. సీట్లకు రిజర్వేషన్ ఉంది. సంఘం అధ్యక్ష పదవికి లేదు. ఆ ఖాళీలోనే సంఘాల అసలు స్వభావం బయటపడుతుంది. వర్గం గురించి మాట్లాడే సంఘాలు దీన్ని కులవాదమని కొట్టిపారేయడం నేను చాలాసార్లు విన్నాను. ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వంలో ఒక భూస్వామ్య కులం ప్రాబల్యం గురించి సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ 1956లోనే ఒక వ్యాసం రాశాడు. ఆయన ఉద్దేశాలను అనుమానించవచ్చు, ముగింపులతో విభేదించవచ్చు. ఆయన లెక్కపెట్టిన పేర్లు మాత్రం మనవే.

1985 జులైలో కారంచేడు తర్వాత కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల దళిత విద్యార్థులు మొదటిసారి ఇతరుల వేదికలు దిగి తమ వేదిక ఎక్కారు. దళిత మహాసభ ఆ వేడిలోంచే పుట్టింది. 1993లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఏర్పడింది. గుంటూరు నుంచి వెళ్లిన రోహిత్ వేముల మొదట ఒక వామపక్ష విద్యార్థి సంఘంలో పనిచేసి తర్వాత ఈ సంఘంలోకి వచ్చాడు. 2016 జనవరి 17న అతడు మరణించేనాటికి అతడినీ మరో నలుగురినీ హాస్టల్ నుంచి వెలివేసి ఉన్నారు. తరగతిలో కాదు, గ్రంథాలయంలో కాదు, ముందుగా హాస్టల్ నుంచి. వెంకటరత్నం దళిత విద్యార్థికి వసతి ఎందుకు అంత ముఖ్యమనుకున్నారో ఆ శిక్ష రాసినవారికి కూడా బాగానే తెలుసునన్నమాట.

వెంకటరత్నం ప్రభావం తిరిగి డెల్టాకు చేరిన దారి ఒకటి ఉంది. కాకినాడ కళాశాలలో అధ్యాపకుడిగా ఉంటూ నాస్తికత్వం ప్రకటించి 1933లో ఉద్యోగం పోగొట్టుకున్న గోపరాజు రామచంద్రరావు, మనందరి గోరా, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. బ్రహ్మసమాజం దేవుడిని నిలుపుకుని విగ్రహాన్ని వదిలింది. గోరా దేవుడినే వదిలారు. పంక్తి భోజనం దగ్గర ఆగకుండా కుమార్తెను దళిత యువకుడికి ఇచ్చారు. కుమారుడు లవణం 1960లో గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడాడు. హేమలతా లవణం ఆ తర్వాత స్టువర్టుపురంలో, తెలంగాణ జోగినుల మధ్య చేసిన పనికి తానే నాయకురాలు. కలావంతుల సంస్కరణ సభల్లో ఆ కుల స్త్రీకి దొరకని కుర్చీ ఇక్కడ ఒక జాషువా బిడ్డకు దొరికింది. వివాహబంధం ద్వారా దొరకడం గురించి ఎవరైనా విమర్శ చేస్తే నాకు అభ్యంతరం లేదు. అయినా ఆ పనిని ఆమె ఎవరి పేరు మీదా చేయలేదు.

వెంకటరత్నం 1939 మే 26న కన్నుమూశారు. డెబ్బై ఆరేళ్లు. సంపాదించినదంతా అనాథ పిల్లలకూ పేద విద్యార్థులకూ పెట్టి పోయిన మనిషి. అదే సంవత్సరం ఫిబ్రవరి 18న, మూడు నెలల ముందు, భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో మరణించారు. ఆయనకు యాభై. బందరులో పుట్టినాయనకు విశ్వవిద్యాలయం ఉపాధ్యక్ష పీఠం దాకా దారి దొరికింది. బెజవాడ సభకు అధ్యక్షుడై వచ్చినాయన తాను పెట్టిన బడులకు చందాలు పోగుచేస్తూనే బతికాడు. ఇప్పుడు కాకినాడ కళాశాల ఉత్సవాల్లో మొదటాయన పటానికి దండ పడుతుంది. రెండవాయన పటం విజయవాడలో చూడాలంటే దళిత సంఘాల కార్యాలయాలకు వెళ్లాలి. ఇంద్రకీలాద్రి గుడి తలుపులు మూతపడిన ఆ మూడు రోజుల సంగతి చెప్పే శిలాఫలకం ఆ కొండ మెట్ల దగ్గర నేనెప్పుడూ చూడలేదు.